నిప్పుకోడి పక్కన నిలబడ్డ బావ

"నా కంటికి చిక్కని నేరం ఈ లోకంలో ఇంకా పుట్టలేదు" అని మా బావ ప్రకటించినప్పుడు ఆయన పెదాల మధ్య రెండు గుండుసూదులున్నాయి, మెడలో టేపు వేలాడుతోంది. బావ వృత్తిరీత్యా టైలరు, ప్రవృత్తిరీత్యా డిటెక్టివు. మనిషి కొలతలు తెలిస్తే గుట్టు తెలిసినట్టేనని ఆయన సిద్ధాంతం. బావమరిదిగా పుట్టిన పాపానికి నేను ఆయన అసిస్టెంటుని.

ఈసారి కేసు తెచ్చింది మా అక్కే. అక్క కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. శనివారం అక్కడి మ్యూజియం గదికి సున్నం కొట్టించారు. సోమవారం తాళం తీసి చూస్తే గబ్బిలం పక్షుల అరలో ఉంది. డాల్ఫిన్ బొమ్మ చేపల్లో చేరింది. ఈల్ చేప సీసా పాముల మధ్య కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా ఆ గది చూసుకుంటున్న అటెండరు పెద్దాయన, అన్నీ తనే చక్కగా సర్దానని చెప్పాడు. ఆయన చేతిలో పొరపాటు జరగదని అక్కకి నమ్మకం. తర్వాత ఎవరో కెలికి ఉండాలి. గురువారం తనిఖీ. ఈలోగా ఆ ఎవరో తేలకపోతే పెద్దాయన్నే ఇంటికి పంపేస్తానన్నాడు ప్రిన్సిపాల్.

ఇది అంతర్జాతీయ ముఠా పని అని బావ తేల్చేశాడు. గబ్బిలం పక్షుల్లో చేరిందంటే, మన మనిషి శత్రువుల్లో కలిశాడని రహస్య సంకేతమట.

మంగళవారం బావ కాలేజీలో అందరి కొలతలూ తీశాడు. కొత్త యూనిఫారాలు కాబోలనుకుని వాళ్ళూ సంతోషంగా చేతులు చాపారు. నడుం దగ్గర కాస్త వదులుంచమని ప్రిన్సిపాల్ బావ చెవిలో చెప్పాడు కూడా. పై అరలో గబ్బిలాన్ని పెట్టాలంటే చెయ్యి ఇరవై మూడున్నర అంగుళాలుండాలని బావ లెక్క. పొడుగు చేతుల జాతి, పొట్టి చేతుల జాతి, మధ్యరకం అని మనుషుల్ని విడగొట్టి వడపోస్తే కాలేజీలో ఒక్కరే మిగిలారు. ఆ కొలత ఆయనకి నోటికొచ్చు. అది మా అక్కది.

మనసులో ఉంచుకోవచ్చుగా. భోజనాల దగ్గర నేరం ఒప్పుకోమన్నాడు. అక్క గరిటె గిన్నెలో పడేసి లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఆయనతో మాటల్లేవు.

ఇక అక్కని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాల్సిందేనని, బుధవారం మధ్యాహ్నం బావ స్వయంగా కుట్టుకున్న బొచ్చు కాలర్ కోటు తొడుక్కుని మ్యూజియంలో గడ్డి కూరిన నిప్పుకోడి పక్కన బిగుసుకుపోయి నిలబడ్డాడు. నన్ను బల్ల కిందికి తోశాడు.

కాసేపటికి పెద్దాయన దుమ్ము దులిపే గుడ్డతో వచ్చాడు. నిప్పుకోడి మెడ తుడిచాడు. తర్వాత బావ ముక్కు తుడిచాడు. అక్కడ ఆగి, చేత్తో తడిమాడు. చెవులు, మీసం, కాలరు. "రెక్కల్లేవు, పక్షి ముక్కు లేదు, ఒళ్ళంతా బొచ్చు. పక్షుల్లో ఎవరు పెట్టార్రా నిన్ను" అని గొణిగి, బావని నడుం పట్టుకుని ఈడ్చుకెళ్ళి కోతి పక్కన నిలబెట్టాడు.

బావ తుమ్మాడు.

పెద్దాయన హడలిపోయి కింద కూలబడ్డాడు. నేను బల్ల కింద నుంచి వచ్చి, భయపడకండంటూ పట్టుకుని కూర్చోబెట్టాను. నన్ను చూసి కాదు, నా గొంతు విని గుర్తుపట్టాడు.

"పెద్దాయనా, మీకు కళ్ళు కనిపించవా?"

చేతిలో గుడ్డ మడతపెట్టాడు. "రెండేళ్ళుగా అంతా మసకే బాబూ. అరలు కదపనన్నాళ్ళూ అలవాటు మీద నడిచిపోయింది. మొన్న అన్నీ కిందికి దించాక చీటీలు చదవలేకపోయాను. రెక్కలున్నవన్నీ ఒకచోట, చేపలా ఉన్నవన్నీ ఒకచోట పెట్టేశాను. చెబితే తీసేస్తారని భయం."

తుమ్ముకి పరిగెత్తుకొచ్చిన అక్క గుమ్మంలోనే అంతా వింది. గబ్బిలాన్ని దించి ఆయన చేతిలో పెట్టి, వేళ్ళతో ఒంటిమీది బొచ్చు తడిమించింది. రెక్కలున్నా ఇది పాలిచ్చి పెంచే జాతి అని చెప్పింది. సాయంత్రానికి అక్కా, పెద్దాయనా, నేనూ కలిసి అన్నీ సర్దేశాం. తనిఖీ గట్టెక్కింది. ప్రిన్సిపాల్‌తో అక్క తలుపులేసుకుని మాట్లాడింది. ఏం మాట్లాడిందో తెలియదు గానీ, పెద్దాయనకి శుక్లాల ఆపరేషనుకి సెలవు దొరికింది, ఉద్యోగమూ నిలిచింది.

కేసు తానే ఛేదించానని బావ షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు.

నెల తర్వాత పెద్దాయన కొత్త కళ్ళజోడుతో మా ఇంటికొచ్చాడు. బావని పైనుంచి కిందిదాకా తీరిగ్గా చూశాడు.

"ఇప్పుడు బాగా కనిపిస్తున్నారు అయ్యగారూ," అన్నాడు. "అయినా ఆ రోజు మిమ్మల్ని పెట్టిన చోటు మార్చాలనిపించట్లేదు."

లోపల అక్క పకపకా నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. బావ కాసేపు ఉక్రోషంగా చూసి, ఆ నవ్వు వినిపిస్తున్నంతసేపూ మ్యూజియంలో లాగే కదలకుండా నిలబడ్డాడు.