నీటికి వాసన లేదన్న అభ్యంతరం

విషం లేని ఫ్యాక్టరీలో మనిషికి విలువ ఉండదు. నా మాట మీకు ఎబ్బెట్టుగా అనిపించొచ్చు. కానీ మా ఫ్యాక్టరీ భద్రతా కమిటీకి పద్దెనిమిదేళ్లుగా కార్యదర్శిని నేను. విషం సంగతి నాకు ఒకరు చెప్పాలా?

మేం చేసేది మంటలో పెట్టినా కరగని ప్లాస్టిక్. విమానాల్లో వైర్లకు తొడుగుతారు. రెండు రకాల పొడులను సాల్వెంట్ అనే ఘాటైన విషపు ద్రావకంలో కలిపి, కెటిల్ అనే పెద్ద బానలో గంటల తరబడి కాయాలి. ఆ ఘాటు గేటు దాటి వీధి చివరిదాకా వస్తుంది. బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నా మా స్టాపు తెలిసిపోతుంది. ఇంతటి సౌకర్యం ఏ ఆఫీసుకుంది చెప్పండి!

ఆ ఘాటు పుణ్యమా అని ఎందరు బతుకుతున్నారు! మాస్కులమ్మేవాడు, గ్లవ్స్ అమ్మేవాడు, కంపెనీ డాక్టరు, మురుగు తోలే ట్యాంకర్ డ్రైవరు, గోడల మీద పుర్రె బొమ్మలేసే పెయింటరు. వీళ్లందరి మీదా ఒక కమిటీ. కమిటీకి నెలకో మీటింగు, మీటింగుకు బిస్కెట్లు. ఇంత పచ్చని సంసారంలో నిప్పులు పోసింది మా ల్యాబ్ మేడమ్.

అవే రెండు పొడులను ఉత్త నీళ్లలో వేసి, గట్టిగా మూత బిగించి, మైక్రోవేవ్‌లో వేడి చేసిందట. కాసేపట్లో ప్లాస్టిక్ తయారైందట.

"వడగడితే మిగిలేది నీళ్లేనండీ" అంది.

అంత చదువు చదివి, ఇన్ని రసాయనాలుండగా, పోయి పోయి నీళ్లా? అదీ మిగిలిన కూర వేడి చేసుకునే పద్ధతిలోనా?

కమిటీ ఊరుకుంటుందా? నీళ్లకు భద్రతా పత్రం తెమ్మన్నాం, తెచ్చింది. పొరపాటున మనిషి అందులో పడితే మునుగుతాడా అని అడిగాం. పాత్ర చెంబంతే ఉందని చూపించింది. చివరికి నేనే బ్రహ్మాస్త్రం వేశాను.

"నీళ్లకు వాసన లేదు కదమ్మా. లీకైతే పనివాళ్లకు తెలిసేదెలా?"

మీటింగు మినిట్స్‌లో 'సమాధానం లేదు' అని రాసుకున్నాను. పదకొండు నెలలుగా ఆ నీళ్ల పద్ధతి ఫైలు నా బీరువాలో భద్రంగా ఉంది. భద్రత అంటే అదే మరి.

నా వాదనకు సాక్ష్యం మా ఇంట్లోనే ఉంది. మా ఆవిడ ఆ కెటిల్ దగ్గరే పనిచేస్తుంది. లీకు ఎక్కడున్నా ముందు పసిగట్టేది ఆమె ముక్కే. కమిటీ ఆ ముక్కుకు రెండుసార్లు చప్పట్లు కొట్టింది కూడా.

పోయిన ఆదివారం ఇంటికొస్తుంటే మెట్ల దగ్గరే గ్యాస్ వాసన గుప్పుమంది. పరుగెత్తాను. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. మా ఆవిడ మళ్లీ వెలిగించబోతోంది. లైటర్ లాక్కుని, కిటికీలు తెరిచాను.

"వాసన రావట్లేదా నీకు?"

"ఏం వాసన?" అంది. తర్వాత తల దించుకుని చెప్పింది. "ఏడాది దాటిందండీ. మీకు చెబితే మినిట్స్‌లో రాస్తారని చెప్పలేదు."

"మరి లీకులెలా కనిపెడుతున్నావు?"

"పక్కవాళ్లు ఎప్పుడు ముక్కు మూసుకుంటారా అని చూస్తుంటాను."

నిన్న బీరువా తెరిచి ఫైలు కమిటీ ముందు పెట్టాను. మా ఆవిడ సంగతీ చెప్పాను. కంపెనీ డాక్టరు బిస్కెట్ నములుతూ ఆలోచించాడు.

"ఘాటే తెలియని మనిషికి ఘాటుతో ఇబ్బందేమిటండీ? ఆ పనికి ఆవిడే సరైన మనిషి."

అందరూ తలలూపారు. రాసుకోమని నా వైపు చూశారు. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి నా చెయ్యి కదల్లేదు. అక్కడ రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మా ఆవిడకు రేపు పొద్దున్నే డ్యూటీ. మీరెప్పుడైనా మా ఫ్యాక్టరీకి రావాలంటే దారి అడగక్కర్లేదు. ఘాటు పట్టుకుని వచ్చేయండి, మీ ముక్కు ఇంకా పనిచేస్తుంటే.