మంగతాయారు రాకెట్టుకు బంతిపూల దండ

ఒక పెద్ద అడవిలో, సంఘం తీర్మానించనిదే ఆకు కూడా రాలని రోజుల్లో, మంగతాయారు అనే ముంగిస ఉండేది. దానికి రాకెట్ల పిచ్చి. అట్టతో గొట్టం చుట్టేది, పల్చటి చెక్కతో రెక్కలు అతికించేది, లోపల గుడ్డ పారాచూట్ మడిచి పెట్టేది. మందు అంటించే ముందు మాత్రం అందర్నీ మైదానం చివరికి తరిమి, పొడుగాటి తీగ చివరనున్న మీట తనే నొక్కేది. రాకెట్టు టేకుచెట్లు దాటి పైకి పోయి, పారాచూట్ విప్పుకుని ఊగుతూ దిగుతుంటే మంగతాయారుకి ప్రాణం లేచొచ్చేది.

ఈ సంగతి నక్క నరసింగరావు చెవిన పడింది. అడవికి రాకెట్ల భద్రతా సంఘం లేదని తెలిసి ఆయన తెగ బాధపడ్డాడు. సాయంత్రానికల్లా సంఘం పెట్టేసి, తనే కార్యదర్శి అయిపోయాడు.

"మృగరాజుగారు స్వయంగా వచ్చి చూస్తారు. ఆయన మెచ్చితే మైదానం నీది. నొచ్చుకున్నారా, రాకెట్లు బంద్!" అన్నాడు.

రాకెట్లు లేని బతుకూ ఒక బతుకేనా అనుకుంది మంగతాయారు. అంతకుముందెన్నడూ కట్టనంత పెద్ద రాకెట్టు కట్టింది.

తీరా ఆ రోజు వచ్చి చూస్తే, మృగరాజు సింహాసనం రాకెట్టు పక్కనే వేసి ఉంది.

"అయ్యా, రాజుగారు దూరంగా కూర్చోవాలండీ!"

"రాజుగారికి వెనక వరసలో కుర్చీయా? మతుండే మాట్లాడుతున్నావా?" నక్క కళ్లెర్రజేశాడు. "అయినా మసిగుడ్డలాంటి ఆ పారాచూట్ ఏమిటి? తీసేసి జరీ అంచు పట్టుగుడ్డ పెట్టించాను. ఇదిగో, బంతిపూల దండ కూడా."

"రాకెట్టుకు దండేంటండీ? బరువుకి పక్కకి ఒరిగిపోతుంది!"

"సభామర్యాద తెలీదు గానీ, సైన్సొకటి!"

"అయితే మీట నేను నొక్కను," అని మంగతాయారు తీగ కింద పడేసింది. అంతలో మృగరాజు బ్యాండుమేళంతో వచ్చి సింహాసనమెక్కారు. "రాజుగారూ, లేచి ఇవతలికి రండి!" అని గొంతు చించుకుంది కూడా. బ్యాండుమేళం మోతలో ఎవరికీ వినిపించలేదు. చేసేది లేక మైదానం చివరికి పోయి నిలబడింది.

నక్క తనే దండ రాకెట్టుకు వేసి, మీట కూడా తనే నొక్కాడు.

రాకెట్టు బుస్సుమంది. దండ పోయి, రాకెట్టు ఆనించిన ఇనప పుల్లకు చిక్కుకుంది. దాంతో రాకెట్టు పుల్లతో సహా అడ్డం తిరిగి, దండ మోసుకుంటూ నక్క వెంటపడింది. "ఓరి నాయనో!" అంటూ నరసింగరావు సింహాసనం చుట్టూ పరుగు లంకించుకున్నాడు. తోక చివర బొచ్చు కమిలింది. ఆఖరికి రాకెట్టు రాజుగారి నెత్తికి కాస్త పైన టప్పుమని విచ్చుకుంది. జరీ పట్టుగుడ్డ ఆయన భుజాల మీద నిండుగా పరుచుకుంది. దండ మెళ్లో పడింది.

మంగతాయారు మైదానం మీద ఆశ వదిలేసుకుంది.

రాజుగారు జరీ అంచు తడిమి చూసుకున్నారు. "శాలువా! అదీ గాల్లోంచి! నా జన్మలో ఇంత గొప్ప సన్మానం ఎరగను!"

మైదానం అక్కడికక్కడే మంజూరైంది. ఒక్కటే షరతు: శాలువా గురి తప్పకుండా, ఇకమీదట ఏ రాకెట్టూ రాజుగారి నెత్తి దాటి మూరెడుకంటే ఎత్తు ఎగరకూడదు.

"మైదానం ఇచ్చి ఆకాశం లాక్కున్నారేంటండీ!" అని మంగతాయారు లబోదిబోమంది. ఆ మాట వినడానికి సంఘానికి తీరిక లేదు. దూరంగా నిలబడ్డ ముంగిసకు శాలువా దక్కలేదు గనక, దూరంగా నిలబడటమే ప్రమాదమని సంఘం తీర్మానం చేస్తోంది.

నీతి: రాకెట్టు పైకి పోకపోయినా పరవాలేదు, శాలువా పడాల్సినవారి మీద పడితే చాలు.