ఆయుధ పూజ నాటి గాలి లెక్క

ఎన్నూరు గాలి శుభ్రపడింది! నవ్వకండి. దగ్గొస్తే దగ్గండి, తప్పులేదు, కానీ నవ్వకండి. సర్కారువారి రిపోర్టు ఉంది, నూట నలభై పేజీలు, రంగుల గ్రాఫులతో సహా!

హైమ కూడా మొదట నమ్మలేదు. రిపోర్టును కళ్లతో చదవాలి గాని, పాపం ఆమె ముక్కుతో చదివింది. హార్బరుకు పోయే రోడ్డు పక్కనే ఆమె ఇల్లు. పగలంతా డీజిల్ లారీలు కిటికీలకు కాటుక దిద్ది పోతుంటాయి. ఏడేళ్ల కూతురు ప్రణతికి ఉబ్బసం. దిండు కింద ఇన్‌హేలర్ లేనిదే పడుకోదు. గాలన్నా మారాలి, మీరు ఇల్లన్నా మారాలి అన్నాడు డాక్టరు. ఉన్న ఒక్క ఇల్లూ వదిలి ఎక్కడికి పోతుంది?

రెండేళ్ల కిందట ఒక రూలొచ్చింది. పొగ సర్టిఫికెట్ లేని లారీ ఆ రోడ్డెక్కకూడదు. ఎంత చక్కటి రూలు! సర్టిఫికెట్లు అద్దాల మీద కళకళలాడాయి, పొగ వెనకనుంచి యథాప్రకారం వచ్చింది. అద్దం ముందుంటుంది, గొట్టం వెనకుంటుంది. రెండింటికీ పరిచయం లేకపోతే తప్పెవరిది?

రూలు పనిచేస్తోందో లేదో తేల్చమని మైలాపూరులోని కాలుష్యం ఆఫీసు నుంచి ఆఫీసరు కామేశాన్ని పంపారు. పనిచేయలేదని తేలితే లారీలన్నీ ఊరి బయటి రోడ్డుకు మళ్లుతాయి. హైమ ఆశంతా దాని మీదే.

కామేశం నిజాయితీపరుడు. మూడుసార్లు గాలి కొలిచే మిషను జీపులో పెట్టుకుని బయల్దేరాడు. మూడుసార్లూ లారీల మధ్య ఇరుక్కుని, తిరువొత్తియూరు దాటలేక వెనక్కి తిరిగాడు. నాలుగోసారి తెలివిగా రోడ్డు ఖాళీగా ఉండే రోజు చూసుకున్నాడు. ఆయుధ పూజ!

ఆ రోజు లారీలన్నీ తలంటు పోసుకుని, గంధం బొట్లు పెట్టుకుని, అరటి పిలకలు కట్టుకుని, పెళ్లికొడుకుల్లా బారులు తీరి నిలబడ్డాయి. డ్రైవర్లు గుమ్మడికాయ కొట్టి బొరుగులూ శనగలూ పంచుతున్నారు. హైమ మిద్దె మీద మిషను పెట్టి, కామేశం కళ్లు నులుముకున్నాడు. అంత చిన్న అంకె! కొడైకెనాల్ కూడా సిగ్గుపడాలి.

"సార్, ఈపొద్దు ఆయుధ పూజ. బండ్లు తోలరు. ఆడ చూడండి, ఒక్కటన్నా కదలతా ఉండాదా? రెండు దినాలు తాళి రాండి" అంది హైమ.

"రెండు రోజులాగితే నేను చేరలేనమ్మా. ట్రాఫిక్!" అన్నాడు కామేశం శనగలు నములుతూ.

పొగ పదింట తొమ్మిది వంతులు తగ్గింది, రూలు దిగ్విజయం, లారీలను మళ్లించే అవసరమే లేదు అని రిపోర్టొచ్చింది. చూశారా? గాలిని బాగుచేయడానికి లారీలను ముట్టుకోనక్కర్లేదు, మంచిరోజు చూసి కొలిస్తే చాలు! జ్వరానికి మాత్రం మందెందుకు? తగ్గాక థర్మామీటరు పెడితే పోలా?

హైమ రిపోర్టు పట్టుకుని మైలాపూరు పోయింది. కామేశం కాఫీ తెప్పించాడు.

"సంతోషించాలమ్మా. మీ గాలి ఇప్పుడు మా మైలాపూరు గాలికన్నా మేలు."

"సంతోషమే సార్. అట్లయితే మా ఇంట్లో మీరు ఒక్క ఏడాది ఉండండి. బాడుగ వద్దు. మీ ఇంట్లో మేముంటాం. ఆయాసం లేకుండా నా బిడ్డ నిద్రపోయి ఎన్నాళ్లయిందో."

ఆమె ఎగతాళికి అనలేదు. ఇంటి తాళంచెవులు నిజంగానే బల్ల మీద పెట్టింది.

కామేశం తాళంచెవుల వంక చూసి కప్పు దించేశాడు.

"భలేవారే! నాకు చిన్నపిల్లలున్నారమ్మా. ఆ పొగలో ఎట్లా ఉంటారు?"

హైమ బల్ల మీది పెన్ను తీసి అతని చేతికిచ్చింది.

"అదే రాయండి సార్."