బాబాయి పొదుగుకు కూర్చున్న రోజు

ఆ ఉదయం బాబాయి పెట్టుకున్న పని చాలా చిన్నది. బ్యాంకు ఆఫీసరుగారి వెయిస్ట్‌కోటుకు గుండీలు కుట్టాలి. ఆ తర్వాత కాళ్ళు బారజాపుకుని కునుకు తీయాలి.

ఇంటి ముందుగదే ఆయన కుట్టు దుకాణం. వీధి వీధంతా ఆయన్ని బాబాయి అనీ, ఆయన భార్యని పిన్ని అనీ పిలుస్తుంది. చదువు అయిదో తరగతి దాకా ఆయన వెంట నడిచి, వేగలేక వెనక్కి తిరిగిపోయింది. ఖాళీగా పడున్న బుర్రలో వేళాకోళం కాపురం పెట్టింది.

వెనక వసారాలో పిన్ని కోడిని పొదగేసింది. అంతకుముందు పొదగేసిన రెండుసార్లూ బాబాయే చెడగొట్టాడు. ఒకసారి కోడికి గళ్ళ గుడ్డతో గౌను కుట్టి తొడిగాడు, ఇంకోసారి గంప పక్కన రేడియో పెట్టాడు. ఈసారి గుడ్లు పిన్ని అన్నయ్య ఇచ్చినవి. "మీ ఇంట్లో కోడి పొదుగుతానన్నా, ఆ మనిషి పొదగనిస్తాడా?" అని ఎగతాళి చేసి మరీ ఇచ్చాడు. ఆ మాట పిన్నికి ముల్లులా దిగింది. రోజూ పొద్దున్నే ఒక్కో గుడ్డూ చెవి దగ్గర పెట్టుకుని వినేది. ఆ రోజు వింటూ వింటూ ముఖం వెలిగిపోయింది.

"లోపల గీకుతున్నాయండీ! ఇవాళో రేపో వచ్చేస్తాయి."

"నాకైతే నవ్వుతున్నట్టు వినపడుతోంది," అన్నాడు బాబాయి.

"మీ మొహం చూసి నవ్వుతున్నాయి. అన్నయ్యవాళ్ళింటికెళ్ళి పిల్లలకి నూకలు తెచ్చుకుని చిటికెలో వస్తా. ఈలోగా గంప జోలికి వెళ్ళారో, కోడిని చంకన పెట్టుకుని అటే పోతా. ఈసారి ఉత్తినే అనట్లేదు."

"పోనీ నా చేతులు కట్టేసి వెళ్ళు."

"కట్టాల్సింది చేతుల్ని కాదు, బుర్రని!"

నిజానికి బాబాయి బుద్ధిగానే మెషీను ముందు కూర్చున్నాడు. కానీ పొదిగే కోడి కూడా మేతకి ఒకసారి లేస్తుంది. అది లేచి పెరట్లోకి వెళ్ళడం ఆయన కంట పడింది. ఆ పక్కనే వంటింటి గుమ్మంలో బంగాళాదుంపల బుట్ట కూడా కంట పడింది. రెండూ ఒకేసారి కంట పడకుండా ఉంటే ఈ కథే లేదు.

గుడ్లు తీసి గుడ్డలో చుట్టాడు. గంపలో దుంపలు పేర్చాడు. పిన్ని రాగానే "నీ కోడి దుంపలు పెట్టిందే!" అనాలి, ఆమె నోరెళ్ళబెట్టాలి, తను పొట్ట పట్టుకుని నవ్వాలి, గుడ్లు మళ్ళీ గంపలో పెట్టేయాలి. ఎంతసేపు గనక?

కోడి తిరిగొచ్చింది. దుంపల్ని ఒకసారి చూసింది. తనే పెట్టినట్టు వాటిమీద రెక్కలు పరిచి కూర్చుంది. ఫోను మోగింది.

"ఏవండీ, అన్నయ్య భోంచేస్తేగానీ కదలనివ్వనంటున్నాడు. సాయంత్రం వస్తా. కోడి ఎలా ఉంది?"

"ఇంచు కదల్లేదు."

"గుడ్లో?"

"వెచ్చగా ఉన్నాయి," అంటూ గుడ్డలో చెయ్యి పెట్టి చూశాడు. చల్లారుతున్నాయి.

బాబాయి నవ్వు అక్కడితో ఆగిపోయింది. గంపలో చెయ్యి పెడితే కోడి పొడిచింది. కొలబద్దతో కదపబోతే కొలబద్దని కూడా పొడిచింది. బల్బు కింద పెడదామంటే కరెంటు లేదు. ఇస్త్రీపెట్టె కింద పెడితే పిల్లలు రావు, అట్లు వస్తాయి. బయట ముసురు పట్టింది. గుడ్లకి తల్లి వెచ్చదనం కావాలి. తల్లి దుంపల మీద ఉంది. ఇంట్లో వెచ్చగా ఉన్న ప్రాణి ఇంకొక్కటే.

"ఒరేయ్ నేనూ, తలగోక్కోవడానికి నీకు కొరివే దొరికిందిరా," అని తనని తాను తిట్టుకుంటూ బాబాయి మెషీను తొక్కాడు. ఆఫీసరుగారి వెయిస్ట్‌కోటు అస్తరు విప్పి, దూది పెట్టి, గుడ్డుకో జేబు కుట్టి, గుండీలు కూడా పెట్టేశాడు. జన్మలో అంత శ్రద్ధగా ఏదీ కుట్టలేదు. గుడ్లు జేబుల్లో సర్ది, తొడుక్కుని, పైన శాలువా కప్పుకున్నాడు. పొట్ట కొలత ఇద్దరిదీ ఒకటే కావడం ఒక అదృష్టం.

కానీ కూర్చుంటే గుడ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. వంగితే ఒత్తుకుంటున్నాయి. తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని దాన్ని లోపలికే పంపాల్సి వచ్చింది. ఇక లాభం లేదని గంప ముందు చేతులు జోడించాడు. ఆ కోడిని పిన్ని వినకుండా ఆయన "అత్తగారు" అని పిలుస్తాడు. పోయినావిడ చూపు దీనికి వచ్చిందని ఆయన నమ్మకం.

"అత్తగారూ, మీ కాళ్ళకి దణ్ణం పెడతా. ఒక్కసారి లేవండి. ఈ బరువు నేను మొయ్యలేను."

"మీ అత్తగారు పోయి చాలా కాలమైంది కదయ్యా?" అని వెనకనుంచి వినపడింది. గుమ్మంలో ఆఫీసరుగారు నిలబడి ఉన్నారు. ఆయన కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం; గుండీల మధ్య దూరం కూడా టేపు పెట్టి చూసుకుంటారు.

బాబాయి వెనక్కి తిరిగాడు. బీరువాని తిప్పినట్టు, నిలువునా, మెల్లగా తిరిగాడు. ముఖం నిండా చెమట, చెయ్యి గుండె మీద.

"ఏమైంది?"

"ఏం లేదండీ. ఇక్కడ కాస్త బరువుగా ఉంది."

"ఎడమవైపా?"

"లేదండీ, రెండువైపులా సమానంగానే సర్దాను."

"ముందు కూర్చో!"

"కూర్చుంటే చితికిపోతాయండీ."

"ఏంటి చితికేది?" ఆఫీసరుగారి చూపు శాలువా సందులోకి వెళ్ళింది. "అది నా వెయిస్ట్‌కోటు కాదూ?"

"కుట్టు చూస్తున్నానండీ. నాకు ఊపిరాడితే మీకూ ఆడినట్టే."

ఆఫీసరుగారు హడలిపోయారు. ఎదురింటి డాక్టరుని కేకేసి, పిన్నికి ఫోను చేశారు. "కంగారు పడకమ్మా. ఆయనకి గుండెలో ఏదో అయినట్టుంది. పోయిన మీ అమ్మగారు కనిపిస్తున్నారు. కాళ్ళు కూడా పట్టుకుంటున్నాడు."

డాక్టరు వచ్చి "బోర్లా పడుకోండి" అన్నాడు.

"బోర్లా అయితే బతకవండీ."

"ఎవరూ?"

బాబాయి శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. డాక్టరు శాలువా కిందికి స్టెతస్కోపు పోనిచ్చి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"గుండె గట్టిగానే ఉంది. లోపల పిల్లికూతలు మాత్రం వినపడుతున్నాయి."

"పిల్లి కాదు డాక్టరుగారూ," అన్నాడు బాబాయి నీరసంగా. "కోడి."

అప్పుడే ఆటో ఆగింది. పిన్ని ఏడుస్తూ దిగింది, వెనకే ఆమె అన్నయ్య, అంటే బాబాయికి బావగారు. "నేను భోజనానికి ఆగకపోయినా బాగుండేది! పొద్దున కూడా తిట్టి వెళ్ళానే!" అంటూ గుమ్మంలోనే కూలబడింది. గుండెపోటు అని చెప్పేసి మంచంలో ముసుగు తన్నుదామా అని అప్పటిదాకా ఆలోచిస్తున్న బాబాయికి, ఆమె కన్నీళ్ళు చూశాక నాలుక తిరగలేదు.

"ఏడవకే. నాకేం కాలేదు. ఒంటిమీద ఉన్నవి నీ గుడ్లు. కోడి కింద బంగాళాదుంపలున్నాయి."

పొద్దున్నించీ బాబాయి చెప్పిన మొదటి నిజం అది. అలవాటు లేకపోవడంతో ఎవరూ గుర్తుపట్టలేదు.

"అయ్యో బావా, మాట కూడా పట్టు తప్పుతోందే," అన్నాడు బావగారు కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ.

పిన్ని మాత్రం లేచింది. దగ్గరికి వచ్చి, రోజూ గుడ్లకి పెట్టినట్టే, వెయిస్ట్‌కోటుకు చెవి ఆనించింది. ఏడుపు ఠక్కున ఆగింది.

"గీకడం కాదు, అరుస్తున్నాయి!"

పై గుండీ తీసింది. అస్తరు జేబులోంచి తడి తల ఒకటి బయటికొచ్చి, ఎదురుగా ఉన్న బాబాయి గడ్డాన్ని చూసి, కీచుమంది. తల్లిని గుర్తుపట్టింది.

బాబాయి నెమ్మదిగా చేతులు జోడించాడు. "నన్నేమైనా అను. కోడిని మాత్రం తీసుకెళ్ళకు."

పిన్ని ఆయనవైపు చూడలేదు. అన్నయ్యవైపు తిరిగింది. "చూశావా అన్నయ్యా? మా ఇంట్లో ఆ మనిషి పొదగనివ్వడన్నావు. ఆ మనిషే పొదిగాడు." తర్వాత మొగుడి గుండీ మళ్ళీ పెట్టేసింది. "గాలి తగలకూడదు. మిగతావి వచ్చేదాకా కదలకుండా కూర్చోండి. దగ్గొచ్చినా దగ్గకండి."

సాయంత్రానికి ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ వచ్చాయి. అప్పటిదాకా బావగారు బాబాయికి ముద్దలు కలిపి నోట్లో పెట్టాల్సి వచ్చింది. ఆఫీసరుగారు ఆ వెయిస్ట్‌కోటు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

కోడి మాత్రం పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు, పిల్లలు బాబాయిని వదల్లేదు. ఆయన టేపు పట్టుకుని కొలతలకి లేస్తే వెనకాలే వరస కట్టి లేచేవి. మెషీను ఆపితే ఆయన పాదాల మీదే నిద్రపోయేవి. "కన్నతల్లి కునుకు తీస్తే ఎలాగండీ, నూకలెవరు వేస్తారు?" అని పిన్ని లోపల్నుంచి కేకేసేది.

కొన్నాళ్ళకి కోడి తనంతట తనే గంప దిగింది. చూస్తే ఒక దుంప మొలకెత్తి ఉంది. పిన్ని దాన్ని పెరట్లో నాటితే, కోడి వెళ్ళి దాని పక్కనే కాపలా కూర్చుంది. దానికి నీళ్ళు పోయాలంటే బాబాయి ఇప్పటికీ అత్తగారి అనుమతి తీసుకోవాలి.