ఎవరెస్టు నాడే మా పెళ్లి

మాకు బోధన్‌లో బోరు మోటార్ల దుకాణం. ఏ మోటారు ఏ తారీఖున దిగిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పెళ్లిరోజు మాత్రం అడక్కండి. పదిహేనేళ్లలో పదిహేనుసార్లు మరిచాను. ఒక్క ఏడాదీ తప్పలేదు.

ఈ ఉగాదికి మా ఆవిడ త్రివేణి షరతు పెట్టింది.

"ఈసారి యాది మరిస్తే ఒక దినమంత దుకాణంల నేను కూసుంట. నువ్వు ఇంట్ల వండాలె."

ఒక్కసారి బేరం రుచి మరిగితే ఆ కుర్చీలోంచి మళ్లీ లేస్తుందా?

తారీఖు ఆమెనే అడిగితే పరువేం కావాలి? ఒక ఆనవాలు మాత్రం నా దగ్గరుంది. పెళ్లిపీటల మీద మా మామ, అసలే బడిపంతులు, "అల్లుడా, మనుషులు ఎవరెస్టు ఎక్కింది గీ దినమే!" అన్నాడు. మా పేపర్లో రోజూ 'చరిత్రలో ఈ రోజు' వేస్తారు. ఎవరెస్టు వచ్చిన రోజున మల్లెపూలు కొంటే చాలు.

ఫోన్లో వెతకొచ్చు కదా అంటారా? నేనేం వెతికినా వాళ్లమ్మ ఫోన్లో కనపడేలా మా అమ్మాయి సింధూజ ఏదో బిగించింది.

మే నెలంతా చూశాను. యుద్ధాలు వచ్చాయి, రాజులు పోయారు, ఎవరెస్టు రాలేదు. నెలాఖర్లో ఒకరోజు ఆ పేజీ నిండా ఇళ్ల స్థలాల ప్రకటన వేశారు. ఒక్కరోజేగా అనుకున్నాను.

జూన్ రెండున పేపరు విప్పగానే ఎవరెస్టు! వీధిలో జెండా ఎగరేస్తున్నారు. మూరెడు మల్లెలు, అరకిలో జిలేబీ తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"తెలంగాణ వచ్చిన దినం, ఎవరెస్టు దినం, మన దినం, మూడూ ఒకటే త్రివేణీ! ఎట్ల మరుస్త?"

ఆమె పూలు తురుముకుంది. జిలేబీ కొరికింది. పేపరు నా చేతికిచ్చింది.

"కండ్లద్దాలు పెట్టుకోని సదువు."

చదివాను. 'ఎవరెస్టు ఎక్కారన్న వార్త లోకానికి తెలిసిన రోజు.'

"ఎక్కింది మే ఇరవై తొమ్మిదిన. కబురు కొండ దిగొచ్చేసరికి జూన్ రెండయింది. ఆళ్లంటే మంచుల నడిచిండ్రు. ఒకే ఇంట్ల ఉన్న నీకు గూడ నాలుగు దినాలా?"

"మరి ఆ దినమే చెప్పొద్దా?"

"చెప్తే దుకాణం దొరుకుతదా?"

మర్నాడు నేను పప్పు మాడ్చాను. ఆమె మోటార్లు అమ్మింది. రెండేళ్లుగా మూల నుంచి కదలని మోటారు ఒకటుంది, దానికి 'ఇల్లరికం అల్లుడు' అని పేరు పెట్టుకున్నాం. దాన్నీ సాగనంపింది! కొన్న నవీపేట్ దేవన్న నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, వదిన మంచిగ సమజయ్యేటట్టు చెప్తది. రేపు పైపులకు వస్త. వదిననే కూసోమను."

ఇప్పుడు మే ఇరవై తొమ్మిది నాకు బాగా గుర్తు. పెద్దక్షరాలతో కందిపప్పు డబ్బా మీద రాసుకున్నాను. రోజూ దాన్ని తీసేది నేనే కదా.