ఆఫీసు ముందు కందిచేను

సెలవంటే పని లేని రోజు కాదనీ, అర్థం ఉన్న రోజనీ ట్రినిడాడ్ ద్వీపం ఎట్టకేలకు గుర్తించింది. గుర్తించిన వెంటనే, అలవాటు ప్రకారం, దానికొక శాఖను పెట్టింది.

సెలవుల అర్థ పరిరక్షణ శాఖ నియమం చాలా సులువు. పండుగ నాటి ఉదయం పౌరులు కార్యాలయానికి వచ్చి, ఆ సెలవు దేనికో కిటికీ దగ్గర చెప్పాలి. సరిగ్గా చెప్పినవారు ఇంటికి, చెప్పలేనివారు పనికి. (ముందురోజే చెబుతామంటే కుదరదు. తెల్లారేసరికి మరిచిపోయే ప్రమాదం ఉంది.) దీపావళినాడు ఒకే ఇంటి అన్నదమ్ములు తలా ఒక అర్థం చెప్పడంతో అందరినీ పనికి పంపారు, వాళ్ల దీపాలను పక్కింటి క్రైస్తవురాలు వెలిగించింది. కార్మిక దినం నాడు తప్పు చెప్పినవారి చేత, శ్రమ విలువ తెలిసిరావాలని, శాఖ గోడలకు సున్నం వేయించారు. రెండు రోజులు వీధుల్లో ఆడిపాడే కార్నివాల్ జోలికి మాత్రం శాఖ పోలేదు. అది చట్టప్రకారం సెలవే కాదు. అందుకే ఆ రెండు రోజులూ దేశంలో ఎవరూ పనిచేయరు.

అలా ఉండగా, ఏటా వానలు మొదలయ్యే వేళ ఒక గురువారం నాడు పడే క్రైస్తవ పండుగ కార్పస్ క్రిస్టి వచ్చింది.

అరిమా ఊళ్లో ఆసుపత్రి దుప్పట్లు ఉతికే యూలలీకి ఆ గురువారం ప్రాణంతో సమానం. ఆ రోజు నాటిన కంది క్రిస్మస్‌కి కాసి తీరుతుందని ఆమె నమ్మకం. ఆమె ఒక్కతిదే కాదు. చర్చికి వెళ్లేవాళ్లదీ, గుడికీ మసీదుకూ వెళ్లేవాళ్లదీ, ఎక్కడికీ వెళ్లనివాళ్లదీ అదే నమ్మకం. పోయిన ఏడు ఆ రోజున జ్వరంతో మంచం పట్టి, గింజ నాటలేక, క్రిస్మస్ పండక్కి డబ్బా కందులతో అన్నం వండింది. ఆడపడుచు ఫిలోమీన్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "వదినా, ఇదేంటి ఇనప రుచి?" అని వీధి చివరిదాకా వినపడేలా అడిగింది. మళ్లీ ఆ మాట పడే ఓపిక యూలలీకి లేదు.

అందుకని నానబెట్టిన గింజల్ని తడిగుడ్డలో మూటగట్టుకుని, తెల్లవారగానే వచ్చి వరుసలో నిలబడింది. కిటికీలో అర్థాధికారి డ్యూప్రే ఒక్కొక్కరినీ ఓపికగా అడుగుతున్నాడు. ఒక్కొక్కరూ అంతే ఓపికగా "మొక్కలు నాటుకోడానికండీ" అంటున్నారు. అది తప్పు. సరైన జవాబు క్రీస్తు శరీరానికి సంబంధించింది, చాలా పొడవైనది. (అది పూర్తిగా తెలిసిన ఫాదర్ గారు ఆ ఉదయం చర్చిలో ప్రార్థన జరిపిస్తూ గైర్హాజరయ్యారు. ఆయనకు సెలవు మంజూరు కాలేదు.) తప్పు చెప్పినవారికి శాఖ దయతలచి మరో అవకాశం ఇచ్చింది, వరుస చివర. దాంతో వరుస తరగడం మానేసి గుండ్రంగా తిరగసాగింది.

"టాంటీ, నీ మూటలోంచి ఏదో తొంగిచూస్తోంది," అన్నాడు వెనకాల పార పట్టుకుని నిలబడ్డ బస్సు డ్రైవరు సూక్రాం. అక్కడ పెద్దావిడ ఎవరైనా అందరికీ టాంటీయే, అంటే అత్త.

"మొలకలు. నీ బస్సులాగే, ఆగమంటే ఆగవు."

"ఇంకాసేపు నిలబడితే నాటక్కర్లేదు, కోసుకుని పోవచ్చు."

"నీ నోట్లో మట్టి పడ!"

"నా నోట్లో ఎందుకు టాంటీ? అదిగో, అక్కడ బోలెడుంది."

అక్కడ అంటే కార్యాలయం ముందున్న పచ్చిక. యూలలీ పచ్చికను చూసింది, దిగిపోతున్న ఎండను చూసింది. సూక్రాం చేతిలో పార లాక్కుంది.

కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. "గడ్డి మీద నడవకూడదు! బోర్డు కనపడట్లా?"

"నడుస్తున్నానా నాయనా? కూర్చున్నాను."

అతను బోర్డును మళ్లీ చదివి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "అయితే మా ఆవిడిచ్చిన బెండగింజలు జేబులో ఉన్నాయి. ఓ మూల..."

కాసేపట్లో వరుస మొత్తం గొంతుక్కూర్చుంది. ఎవరో పాటెత్తుకున్నారు. డబుల్స్ రొట్టెలమ్మే బండివాడు వేడివేడి శనగల కూరతో దిగబడ్డాడు. కిటికీలోంచి డ్యూప్రే తల బయటపెట్టి "ఏమిటీ అల్లరి?" అని గద్దించాడు. తర్వాత అదే కిటికీలోంచి ఒక కాగితం పొట్లం వచ్చి యూలలీ ఒళ్లో పడింది.

"మొక్కజొన్న," అన్నాడాయన. "కాస్త లోతుగా పెట్టండి."

వరుసలో ఎవరూ మిగలకపోవడంతో, దేశంలో అర్థం తెలియనివారే లేరని ఆయన ఆ సాయంత్రం పైవారికి నివేదించాడు.

వానలు పడ్డాయి. కంది కిటికీల ఎత్తు పెరిగింది. డిసెంబరులో కాయలు విరగకాశాయి. శాఖ మొదట ఆశ్చర్యపడింది, ఆ తర్వాత గర్వపడింది, చివరికి ఆవరణ పంటల దినమని కొత్త సెలవు ప్రకటించింది. అర్థం చెప్పినవారు కోసుకోవచ్చు.

యూలలీ బుట్టతో వచ్చి అందరికంటే ముందు నిలబడింది.

"ఈ సెలవు దేనికి?" అడిగాడు డ్యూప్రే.

"మీరు మమ్మల్ని కదలనివ్వలేదు, గింజలేమో ఆగలేదు. అందుకు."

ఆయన తల వంచుకున్నాడు. "తప్పు, టాంటీ. శాఖ దూరదృష్టికి గుర్తుగా."

"మీ మొక్కజొన్న కూడా నేనే పెట్టానుగా!"

"లోతుగానే పెట్టారు," అన్నాడాయన మెల్లగా. "తర్వాతివారు రండి."

ఆమె దుప్పట్లు ఉతకడానికి వెళ్లింది. సరైన జవాబు ఎవరికీ రాకపోవడంతో పంట వృథా కాకుండా శాఖే కోయించి, అమ్మకానికి పెట్టింది.

క్రిస్మస్‌నాడు ఫిలోమీన్ వంటింట్లోకి తొంగిచూసింది. "వదినా, మళ్లీ డబ్బాయేనా?"

"డబ్బాయే. నాటింది మాత్రం నేనే," అంది యూలలీ, మూత తీస్తూ.

డబ్బా మీద శాఖ ముద్ర ఉంది. దాని కింద ఒక హెచ్చరిక: అర్థం తెలియనివారు తెరవరాదు.