దొర తీసిన పరుగులు, మా తాత కాళ్లు

మీ కష్టానికి ఇంకొకరి పేరు పడితే ఏడవకండి ఫ్రెండ్స్. అంతకు మించిన అదృష్టం లేదు. మొన్న మా అసోసియేషన్ ఫంక్షన్‌లో కుర్చీలన్నీ నేను వేశాను, దండ ప్రెసిడెంటు మెడలో పడింది. ఆ దండ బరువు ఎవరు మోశారు? ఆయనే కదా!

ఈ జ్ఞానం నాకు మా తాత అప్పడు దగ్గర్నుంచి వచ్చింది. 1930లలో ఆయన మలయాలో బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు చెట్లకు పాలు గీసేవాడు. ఆ తోటకి వచ్చిన ఒక అమెరికా దొర చుట్టుపక్కల తోటలన్నిటినీ కలిపి బేస్‌బాల్ సీజన్ పెట్టాడు. కర్రతో బంతిని కొట్టి, నాలుగు మూలలూ చుట్టి, బయలుదేరిన చోటికే వస్తే ఒక పరుగు.

కానీ దొర పరుగెత్తడం ఏమిటండీ? ఆయన గొడుగు ఒకరు పడతారు, బూట్లు ఒకరు విప్పుతారు. అందుకని దొర కొట్టేవాడు, తాత పరుగెత్తేవాడు. ఎండ తాతకి, పేరు దొరకి. ఎంత మంచి ఏర్పాటు! పేరు కూడా తాతకే ఇస్తే ఎక్కడ పెట్టుకుంటాడు? కూలీలకిచ్చే లైనింట్లో ఉన్నది ఒకటే గది.

సీజన్‌లో ఎక్కువ పరుగులు తీసినవాడికి బహుమతి వారం రోజుల లీవు. అప్పటికి మా నాయనమ్మ మరిడమ్మ పురిటికి బాగన్ దాతుక్‌లో పుట్టింటికి వెళ్లింది. మగపిల్లాడు పుట్టాడని కబురొచ్చింది. తాత ఎన్నిసార్లు అడిగినా లీవు లేదు. పరుగెత్తినవాడికే బహుమతి ఇస్తారనుకుని, బిడ్డ మొహం చూడాలన్న ఆశతో కాళ్లు అరిగేలా పరుగెత్తాడు.

ఫలితాలు చెప్పారు. సీజన్ మొత్తం మీద ఫస్టు, దొర!

మర్నాడు తాత మూట కట్టుకుంటుంటే కూలీలను అజమాయిషీ చేసే కంగాణి సన్యాసి అడ్డం వచ్చాడు.

"ఎక్కడికిరా అప్పడా?"

"బాగన్ దాతుక్. లీవు మీద ఎల్తన్నాను."

"అది దొర లీవురా. నీకేటి?"

"దొర బదులు నాను పరిగెట్నాను కదా. దొర బదులు లీవు కూడా నానే ఎల్తాను."

"మరి దొరనడగొద్దేటి?"

"నా కాళ్లు వాడుకున్నప్పుడు ఆయన నన్నడిగినాడేటి?"

సన్యాసి అడ్డం తప్పుకున్నాడు. తాత వెళ్లి, మా నాన్నను ఒళ్లో పెట్టుకుని ఆడించి, వారం తర్వాత వచ్చాడు.

దొర ఏం చేశాడో తెలుసా? అందరినీ వరసగా నిలబెట్టి, అప్పడు అనేవాడు పని ఎగ్గొట్టాడని తానే స్వయంగా, గట్టిగా చెప్పాడు. అన్నాళ్లలో దొర నోట్లోంచి తాత పేరు వచ్చింది ఆ ఒక్కసారే.

కాబట్టి పేరు రాలేదని బెంగ పెట్టుకోకండి ఫ్రెండ్స్. ఏదైనా తప్పు జరగనివ్వండి. ఎవరూ అడగకుండానే మీ పేరే పిలుస్తారు.